గోడవతల మా అక్క: 2025 లెంటులో నా అనుభవం

మార్చి 11 మంగళవారం రాత్రి మా ఇంట్లో లెంటు (ఈస్టరుకి ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస కాలం) ప్రార్థన జరిగింది. నలభై అయిదు మంది దాకా వచ్చారు. పాలు, టీపొడి, పంచదార, గుగ్గిళ్ళకి రెండు కేజీల శనగలు, పేపరు గ్లాసులు, బిస్కెట్లు అన్నీ కలిపి ఎనిమిది వందల చిల్లర అయింది. చాపలు మాత్రం మా గుడి స్త్రీల సమాజానివే. అంతా సవ్యంగా జరిగిందని ఆ రాత్రి తృప్తిగా పడుకున్నాను.

మర్నాడు సాయంత్రం, ఆరో తరగతి చదివే మా అమ్మాయి, వీధిలో మరో ముగ్గురు పిల్లలు అరుగు మీద చేరి ప్రార్థన ఆట ఆడుతున్నారు. ఒక పిల్లాడు అయ్యగారు, అంటే పాస్టరు. పాట అయింది, వాక్యం అయింది. "ప్రార్థన మనవులుంటే చెప్పండి" అన్నాడు వాడు గొంతు లావు చేసి. మా అమ్మాయి తువ్వాలు నెత్తిన కప్పుకుని, తల కాస్త పక్కకి వాల్చి అందుకుంది. "గోడవతల వాళ్ళ గురించి ప్రార్థన చెయ్యండి అయ్యగారూ. ప్రభువు వాళ్ళ మనసు మార్చాలి. వాళ్ళ గర్వం అణచాలి. మేమైతే ఎప్పుడో క్షమించేశామండీ." చివర్లో ఒక నిట్టూర్పు. పిల్లలు పకపకా నవ్వారు.

నేను కిటికీ పక్కన లేసు అల్లుకుంటున్నాను. ఆ మాటలు నావే. పిల్లలన్నాక పెద్దవాళ్ళ మాటలు పట్టేస్తారు, అది పెద్ద విషయం కాదు. కానీ ఆ నిట్టూర్పు కూడా నాదే. ఎంతసేపు తియ్యాలో, ఎక్కడ ఆపాలో దానికి అచ్చంగా తెలుసు. చేతిలో ఉన్న డిజైను రెండు వరసలు తప్పు అల్లేసి, మళ్ళీ విప్పుకోవాల్సి వచ్చింది.

గోడవతల వాళ్ళంటే మా బావగారు, అక్క. అక్క నా తోడికోడలు, నాకంటే పదకొండేళ్ళు పెద్దది. పెళ్ళయి వచ్చిన కొత్తలో పులుసులోకి చింతపండు ఎంత వెయ్యాలో తన చేత్తో చూపించింది ఆవిడే. మా ఊరు పాలకొల్లుకీ నరసాపురానికీ మధ్యన ఉంది, మా ఇళ్ళు కాలవ గట్టుకి ఆనుకుని ఉంటాయి. ఇద్దరం ఒకే గుడికి వెళ్తాం, లూథరన్ సంఘం. చాపల మీద ఆవిడ ఫ్యాను కింద, నేను తలుపు దగ్గర.

అత్తయ్య 2019 ఆగస్టులో పోయారు. చివరి పద్నాలుగు నెలలు మంచంలోనే, మా ఇంట్లోనే. నీళ్ళు పొయ్యడం, పక్క మార్చడం, పుండ్లు పడకుండా పౌడరు రాయడం అన్నీ నేనే చేశాను. అక్క రోజూ వచ్చి కూర్చునేది, రెండు పళ్ళు పెట్టి, కబుర్లు చెప్పి వెళ్ళేది. అత్తయ్య మెళ్ళో మూడు కాసుల నాంతాడు ఉండేది. ఆవిడ పోయేనాటికి అది మెళ్ళో లేదు, అక్క బీరువాలో ఉంది. "నెల ముందే తీసి నా చేతిలో పెట్టింది" అంటుంది అక్క. చూసినవాళ్ళు లేరు. ఆదరణ కూడిక (పోయినవాళ్ళ కుటుంబాన్ని ఓదార్చే ప్రార్థన) రోజు, అన్నాలు వడ్డిస్తుండగా, ఎనభై మంది ముందు నేను ఒక మాట అన్నాను. "శవం మీద బంగారం కూడా వదల్లేదు" అని. అక్క చేతిలో ఉన్న పప్పుచారు బకెట్టు అక్కడే దించి వెళ్ళిపోయింది.

2020 ఫిబ్రవరిలో ఉమ్మడి దొడ్డికి మధ్యలో గోడ లేచింది. అరవై ఎనిమిది వేలు అయింది. గోడ ఖర్చు దగ్గర మాత్రం అన్నదమ్ములకి పైసా తేడా రాలేదు, చెరి సగం వేసుకున్నారు.

నేను ఆ మాట అన్నప్పటినుంచి ఐదున్నరేళ్ళు. గుళ్ళో ఆరాధన అయ్యాక అందరం ఒకరికొకరు వందనాలు చెప్పుకుంటాం కదా, ఆ గుంపులో ఆవిడకి ఎదురుపడకుండా నలుగురికి చెప్పి బయటపడటం ఒక విద్య. నాకు బాగా పట్టుబడింది. ఇక ప్రార్థన మనవి అనేది ఉంది చూశారూ, దానంత మర్యాదైన చాడీ ఇంకోటి లేదు. కళ్ళు మూసుకుని చెప్తే ఎవరూ అడ్డు రారు, పైగా చివర్లో అందరూ ఆమెన్ అంటారు.

ఆ రాత్రి, అంటే మార్చి 12న, ప్రార్థన అక్క వాళ్ళింట్లో. లిస్టు ఇళ్ళ వరసలో వేస్తారు కాబట్టి ఏటా మా తర్వాత వాళ్ళే. ఏటా ఆ రోజు నాకు తలనొప్పి వస్తుంది. ఈసారీ వచ్చింది. లైటు ఆపేసి వరండాలో కూర్చుంటే గోడ మీంచి అంతా వినపడుతోంది. మనవుల దగ్గరికి వచ్చేసరికి చెవులు రిక్కించాను. అక్క మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పింది. మనవరాలి పరీక్షల గురించి చెప్పింది. మా ఊసే లేదు. ఆవిడ కూడా మా మీద ఏదో ఒకటి అంటే లెక్క సరిపోతుందని కాచుకుని ఉన్నాను కాబోలు. అనకపోయేసరికి ఇంకా మండింది.

మార్చి 16 ఆదివారం, శుభ శుక్రవారం నాటి ఏడు మాటలు, అంటే యేసు సిలువ మీద పలికిన మాటల మీద ప్రసంగాలు, ఎవరెవరు చెప్పాలో అయ్యగారు చదివారు. స్త్రీల సమాజానికి రెండు. అందులో మొదటి మాట నాకు. తండ్రీ, వీరిని క్షమించుము. టెన్షన్‌తో ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు. సాయంత్రం అయ్యగారి ఇంటికి వెళ్ళి, "నాకు ఇంకోటి ఇవ్వండయ్యగారూ" అన్నాను. ఎందుకని అడుగుతారేమో అనుకున్నాను, అడగలేదు. "మూడో మాట ఖాళీగా ఉందమ్మా" అన్నారు.

మూడోది యోహాను 19వ అధ్యాయంలో ఉంది. సిలువ మీద నుంచి యేసు తన తల్లిని ఒక శిష్యుడికి అప్పగించడం. నాకు లోపల సంబరం. తల్లిని చూసుకోవడం గురించి చెప్పమంటే ఈ ఊళ్ళో నాకంటే ఎవరున్నారు? ఇంటికి వచ్చేలోపే ప్రసంగం సగం తయారైంది. పద్నాలుగు నెలలు అన్న మాట ఎక్కడ పడాలో కూడా ఆలోచించుకున్నాను. ఆవిడ ఫ్యాను కింద కూర్చుని ఉంటుంది, నేను మైకు ముందు ఉంటాను, లేచి వెళ్ళడానికి ఉండదు. క్షమాపణ గురించి చెప్పమంటే పారిపోయి వచ్చి, దెబ్బ కొట్టడానికి మంచి కర్ర దొరికిందని మురిసిపోయాను. అప్పుడు నాకు అలా అనిపించలేదు లెండి.

వారం రోజులు మధ్యాహ్నాలు లేసు పక్కన పెట్టి నోటుబుక్కు పట్టుకున్నాను. తంటా ఏమిటంటే, ఆ సంగతి మొత్తం రెండే వచనాలు, 26, 27. ఆ శిష్యుడు ఆమెని తన ఇంట చేర్చుకున్నాడు. అంతే. ఎన్నాళ్ళు చూశాడో, ఎలా చూశాడో, ఎవరు రాలేదో ఏమీ లేదు. యేసుకి తమ్ముళ్ళు ఉన్నారని మత్తయి 13:55లో పేర్లతో సహా ఉంది. నలుగురు. తల్లి మాత్రం పరాయి ఇంటికి వెళ్ళింది. సిలువ మీద నుంచి ఆ తమ్ముళ్ళని ఒక్క మాట అనలేదు. నాకు కావలసింది ఆ మాటే. తిప్పి తిప్పి చూశాను, దొరకలేదు. పోనీ తర్వాతైనా ఎవరైనా నిలదీశారా అని చూస్తే, అపొస్తలుల కార్యాలు మొదటి అధ్యాయంలో తల్లీ, ఆ తమ్ముళ్ళూ, శిష్యులూ అందరూ ఒకే మేడగదిలో కూర్చుని ప్రార్థన చేస్తున్నారు. రాసిన మూడు పేజీలు చింపి పొయ్యిలో పెట్టాను.

ఈ మధ్యలోనే, మార్చి 19న, మొదటిసారి అక్క ఇంటికి వెళ్ళాను. మనసు మారి వెళ్ళానని చెప్పుకోవాలని ఉంది కానీ అది నిజం కాదు. మైకు ముందు నిలబడేలోపు ఊళ్ళో మాట రాకుండా చూసుకోవాలని వెళ్ళాను. ఊరికే వెళ్ళలేను కదా, ఒక వంక కావాలి. 2018 క్రిస్మస్ పిండివంటలకి తెచ్చిన ఆవిడ ఇత్తడి గుండిగ మా అటక మీద ఉండిపోయింది. చింతపండు పెట్టి తోమి, తళతళలాడేలా చేసి పట్టుకెళ్ళాను. గేటు దగ్గర బావగారు. "ఆవిడ లేదమ్మా" అన్నారు నేల చూపులు చూస్తూ. లోపల మిక్సీ తిరుగుతోంది. గుండిగ ఆయన చేతికిచ్చి, "ఉంటాను బావగారూ" అని వచ్చేశాను. మొత్తం రెండు నిమిషాలు. వీధిలో నలుగురు చూశారు.

మూడు రోజుల తర్వాత అక్క మనవరాలు వచ్చి మా స్టీలు గిన్నెలు రెండు గుమ్మంలో పెట్టి పరిగెత్తింది. అవి వాళ్ళింట్లో ఉన్నాయని నేనే మర్చిపోయాను. నేను సంధి కోసం తీసుకెళ్ళిన గుండిగని ఆవిడ బాకీ చెల్లు కింద రాసుకుందన్నమాట. మీరెవరైనా ఇలాంటి పని మీద వెళ్తుంటే వస్తువులు పట్టుకెళ్ళకండి. ఖాళీ చేతులతో వెళ్తేనే ఏదో చెప్పడానికి వచ్చారని అవతలివాళ్ళకి తెలుస్తుంది.

మార్చి 28 శుక్రవారం పొద్దున్న పదిన్నరకి మళ్ళీ వెళ్ళాను. అక్క అరుగు మీద ఎండుమిరపకాయలు ఆరబోస్తోంది. లోపలికి పారిపోవడానికి మోకాళ్ళు సహకరించవు కాబట్టి దొరికింది. "వందనాలు అక్కా" అన్నాను. బదులు లేదు. నిలబడే ఉన్నాను. కాసేపటికి తల ఎత్తకుండానే అంది, "ఏడు మాటల్లో నీకు ఒకటి ఇచ్చారంట కదా. అందుకొచ్చావా?"

"అబ్బే, అదేం లేదక్కా" అన్నాను. సమాధానపడటానికి వెళ్ళిన నేను మొదట చెప్పింది అబద్ధం.

తర్వాత ఏదో గొణిగాను. అప్పుడు అలా అనకుండా ఉండాల్సింది, మనసు బాలేక అన్నాను, అలాంటివి. ఆవిడ మిరపకాయల తొడిమలు తీస్తూనే ఉంది. చివరికి, "ఎనభై మందిలో అన్నావు. ఇప్పుడు నా గుమ్మంలో నిలబడి నా ఒక్కదాని చెవిలో చెప్తే అది ఏ మూలకి?" అంది. ఇంకేం మాట్లాడలేదు.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. "నీకెందుకొచ్చిన గొడవ, వదినే రావాలి" అంటారనుకున్నాను. ఆయన నెమ్మదిగా, "అన్నయ్య కూడా అదే అన్నాడు, పదిమందిలో చెప్తే సరిపోద్దని" అన్నారు. ఎప్పుడన్నారు, ఎక్కడన్నారు అని ఆరా తీస్తే అసలు సంగతి బయటపడింది. రెండేళ్ళ నుంచి అన్నదమ్ములిద్దరూ లాకుల దగ్గర టీ కొట్టులో రోజూ కలుస్తున్నారట. దాళ్వాకి, అదే రెండో పంటకి, విత్తనం కూడా కలిసే తెచ్చుకున్నారట. ఇంట్లో చెప్తే నేను ఊరుకోనని చెప్పలేదట. ఆ రెండేళ్ళూ నేను మా ఆయన కోసం కూడా ఆ కోపాన్ని మోస్తున్నాననుకున్నాను. ఆ రాత్రి ఆయన మీద వచ్చిన కోపం వేరే కథ.

ఏప్రిల్ 6 నెల మొదటి ఆదివారం, బల్ల (ప్రభువు పేరున రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన) ఉన్న రోజు. మత్తయి 5:23, 24 మాకు చిన్నప్పుడు సండే స్కూల్లోనే వచ్చేది. నీ మీద నీ సహోదరుడికి ఏదైనా ఉందని గుర్తొస్తే అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడమని. నా సహోదరుడి మీద నాకు ఏదైనా ఉంటే అని కాదు, నా మీద అవతలివాళ్ళకి ఉంటే అని. ఆ తేడా నేను ఐదున్నరేళ్ళు చూడలేదు, ప్రతి నెలా బల్ల తీసుకున్నాను. ఈసారి లేవలేదు.

చిన్న సంఘాల్లో బల్ల తీసుకోకుండా కూర్చోవడం ఎంత పెద్ద వార్తో ఎవరూ ముందు చెప్పరు. మధ్యాహ్నానికల్లా నాకు ఏదో జబ్బు చేసిందని ఒకరు, మా ఇంట్లో ఏదో జరిగిందని ఒకరు. ఇద్దరు ఆడవాళ్ళు పరామర్శకి కూడా వచ్చారు. ఒకావిడ కొబ్బరిబొండాలు తెచ్చింది.

ఏప్రిల్ 8 మంగళవారం ప్రార్థన చెరువు వీధిలో ఒకరింట్లో. మనవుల సమయంలో లేచాను. ముందు రాత్రి అద్దం ముందు మూడుసార్లు చెప్పుకున్నాను, అక్కడ ఒక్క వాక్యం కూడా అలా రాలేదు. "అత్తయ్య ఆదరణ కూడికలో అక్క మీద ఒక మాట అన్నాను. నేను చూడకుండా అన్నాను. అది తప్పు. ఆ గొడవ వదిలేశాను, మీరందరూ..." అక్కడ గొంతు పట్టేసింది. గదిలో అందరికీ ఇబ్బందిగా ఉంది. ఎవరో పాట ఎత్తేశారు. నేను కూర్చున్నాను. అక్క ఆ రోజు రాలేదు, మోకాళ్ళ నొప్పి. నేను లేచి నిలబడ్డాకే అది చూసుకున్నాను.

అయినా ఆవిడకి చేరుతుందిలే అనుకున్నాను. చేరింది. ఎలా చేరిందంటే, "నాంతాడు సంగతి వదిలేశాను, వాళ్ళని క్షమించేశాను" అని నేను సాక్ష్యం చెప్పినట్టు. ఏప్రిల్ 10 గురువారం, నేను దొడ్లో గిన్నెలు కడుగుతుంటే గోడ మీంచి కేక. "ఏమ్మా! నన్ను క్షమించేశావంట కదా! ఎంత దయగల తల్లివి!"

ముందు సర్ది చెప్పబోయాను. రెండో మాటకి నేనూ అందుకున్నాను. నెల రోజులుగా చేసిన ప్రార్థనలు, చింపిన పేజీలు అన్నీ గాలికి పోయాయి. నాంతాడు మాట మళ్ళీ ఎత్తాను. అవును, ఎత్తాను. పది నిమిషాలు గోడకి అటూ ఇటూ నిలబడి, ఒకరి మొహం ఒకరికి కనపడకుండా అరుచుకున్నాం. వీధి వీధంతా విన్నారు.

ఆ అరుపుల్లోనే ఆవిడ అన్నది, "రోజూ వచ్చేదాన్ని కాదా? నన్ను మంచం మీద చెయ్యి వెయ్యనిచ్చావా ఏనాడైనా? 'మీకు అలవాటు లేదక్కా, మీరు కూర్చోండి' అనేదానివి. ఆవిడ నాకు అత్త కాదా? నీళ్ళు పోస్తానంటే బకెట్టు లాక్కున్నావు. ఊరంతా నిన్ను మెచ్చుకుంటుంటే నేను పళ్ళు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను."

నాకు మాట పడిపోయింది. బకెట్టు సంగతి నాకు గుర్తుంది. అక్క మోకాళ్ళు పాడవుతాయని లాక్కున్నాననే ఇన్నాళ్ళూ అనుకున్నాను. అందులో కొంత నిజం ఉంది. కానీ ఆ రోజు కిటికీ దగ్గర వేరే ఆడవాళ్ళు నిలబడి చూస్తున్నారు, అది కూడా గుర్తుంది. ఆ పనిలో ఇంకొకళ్ళ చెయ్యి పడటం నాకు ఇష్టం లేకపోయింది. పడితే అది నా ఒక్కదాని సేవ కాకుండా పోతుంది.

ఐదున్నరేళ్ళు నేను నాంతాడు గురించి తగువాడుతున్నాననుకున్నాను. ఆవిడ తగువు దాని గురించి కానే కాదు.

మట్టల ఆదివారం అంతా పిల్లల హడావిడితో గడిచిపోయింది. ఆ వారమంతా ఊళ్ళో దాళ్వా కోతలు, రోడ్డు మీద ధాన్యం, గాలి నిండా దుమ్ము. నోటుబుక్కు మళ్ళీ తెరవలేదు.

ఏప్రిల్ 18, శుభ శుక్రవారం. పన్నెండింటికి మొదలు. రెండో మాట మధ్యలో కరెంటు పోయింది, మైకు లేదు, ఫ్యాన్లు లేవు. తెల్లచీరలన్నీ వీపులకి అంటుకుపోయాయి. నా వంతు వచ్చేసరికి ఒంటిగంటన్నర. పల్లెల్లో ఏడు మాటలు చెప్పబోయేవాళ్ళకి ఒక సలహా, నీళ్ళ సీసా వెంట పెట్టుకోండి. ఉపవాసం కదా అని నేను పట్టుకెళ్ళలేదు, గొంతు పిడచ కట్టుకుపోయింది.

వచనాలు చదివాను. చేర్చుకున్నాడని ఒక్క మాటే రాసి ఉందని, లెక్క రాయలేదని చెప్పాను. నేను లెక్క రాశానని చెప్పాను. ఆ తర్వాత, "ఆదరణ కూడికలో మా అక్కని ఒక మాట అన్నాను. నిజమో అబద్ధమో తెలియకుండా అన్నాను. ఇప్పటికీ తెలియదు. అంతకంటే ముందు ఇంకో తప్పు చేశాను. అత్తయ్యకి అక్క సేవ చెయ్యబోతే నేను చెయ్యనివ్వలేదు. నా చేతిలోంచి ఆ పేరు పోకూడదని" అన్నాను. మైకు లేదు కాబట్టి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. బహుశా అదీ మంచికే. మైకులో అయితే నా గొంతు నేను వినుకుని మళ్ళీ ఆ నిట్టూర్పు తీసేదాన్ని. అయిదు నిమిషాల్లో అయిపోయింది. మిగతావాళ్ళు ఇరవై నిమిషాలు తీసుకున్నారు.

అక్క వైపు చూశాను. కొంగుతో మొహం తుడుచుకుంటోంది. అందరూ తుడుచుకుంటున్నారు, ఆ ఉక్కకి. అందులోంచి నేనేమీ తేల్చుకోలేకపోయాను. మూడున్నరకి ఆరాధన అయ్యాక ఆవిడ వందనాలు చెప్పకుండానే బావగారి బండెక్కి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నాకు ఎంత వెలితిగా ఉందో చెప్పలేను. చెప్పాల్సింది చెప్పేస్తే మనసు తేలికపడుతుందంటారు. నాకు తేలికపడలేదు. కొట్టు కట్టేశాక బజారులో నిలబడ్డట్టు ఉంది.

శనివారం మా ఆయన వెళ్ళి అత్తయ్య, మావయ్యల సమాధులకి సున్నం వేసి వచ్చారు. ఏటా మావయ్యది బావగారు, అత్తయ్యది మేము వేసేవాళ్ళం, వేర్వేరు పూటల్లో. పాలకొల్లులో చామంతులు కేజీ మూడు వందల ఇరవై చెప్పాడు, కడియం నుంచే తక్కువ వచ్చాయట. అరకేజీ చామంతి, అరకేజీ బంతి, కొవ్వొత్తులు రెండు ప్యాకెట్లు తీసుకున్నాం.

ఏప్రిల్ 20, ఈస్టరు. తెల్లవారుజామున నాలుగింటికి సమాధుల దొడ్డి నిండా దీపాలు. నేను అత్తయ్య సమాధి మీద పూలు పేరుస్తున్నాను. వెనక ఎవరో వచ్చి నిలబడ్డారు. ఆ నడకలో కుంటు చూసి అర్థమైంది. ఏటా మేము వెళ్ళిపోయాక గానీ వాళ్ళు రారు.

అక్క కాసేపు చూసి, "సున్నం పల్చగా వేశారు. వానాకాలానికి ఉండదు" అంది.

"మీ మరిది వేశారక్కా" అన్నాను.

"వాడికి ఏ పనీ రాదు" అంది. తర్వాత వంగలేక వంగి, అటువైపు అంచు వెంబడి మొలిచిన గడ్డి పీకడం మొదలుపెట్టింది. నేను చెయ్యి సాచబోయాను. ఆవిడ మోకాళ్ళకి అది మంచిది కాదు. ఏం గుర్తొచ్చిందో, చెయ్యి వెనక్కి తీసుకుని కొవ్వొత్తి ఆరిపోకుండా పట్టుకుని నిలబడ్డాను. ఆ కాస్త గడ్డీ పీకడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది. అంతసేపూ చేతులు ముడుచుకుని నిలబడటం ఈ నలభై రోజుల్లోకీ నాకు కష్టమైన పని. ప్రసంగం కంటే కూడా.

అంతకుమించి ఏమీ జరగలేదు. కౌగిలించుకోలేదు, ఏడవలేదు. గుడి గంట మోగితే ఇద్దరం వేర్వేరుగా వెళ్ళాం. ఆవిడ ఫ్యాను కింద, నేను తలుపు దగ్గర. ఆ రోజు బల్ల తీసుకున్నాను.

తర్వాతి సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అన్నీ సర్దుకున్నాయనుకుంటారు. మే నెలలో అక్క ఒక గిన్నెడు కొత్తావకాయ పంపింది. నేను తిరిగి గిన్నెలో ఏదైనా వేసి పంపాలా, ఖాళీది పంపాలా అని రెండు రోజులు ఆలోచించాను. ఇప్పుడు వందనాలు చెప్పుకుంటున్నాం. వారానికి ఒకసారైనా ఆవిడ మాట ఏదో ఒకటి నాకు గుచ్చుకుంటుంది, నా మాట ఆవిడకి గుచ్చుకుంటుందని మొహంలో తెలుస్తుంది. పెళ్ళికి వెళ్ళినప్పుడు ఆవిడ మెళ్ళో ఆ నాంతాడు చూశాను. కడుపులో ఏదో కదిలింది. అబద్ధం ఎందుకు, ఆ పూట భోజనం రుచించలేదు. ఆ సంగతి తేలలేదు, ఇక తేలదు కూడా. ప్రార్థన మనవుల్లో వాళ్ళ పేరు ఎత్తడం మానేశాను. మొదటి రెండు వారాలు, చెప్పడానికి నాకు వేరే మనవే లేదని తెలిసింది.

జూన్‌లో కాలవలకి నీళ్ళు వదిలాక, గోడకి ఒక తలుపు పెట్టిద్దామని బావగారే అన్నారు. అక్క చుట్టూ తిరిగి రాలేకపోతోంది. తాపీమేస్త్రి వచ్చి చూసి, గోడ కొట్టి, ద్వారబంధం, రేకు తలుపు, కూలి అన్నీ కలిపి తొమ్మిదిన్నర వేలు చెప్పాడు. గడియ ఎటువైపు పెట్టమంటారు అని అడిగాడు. ఎవరూ పలకలేదు. అక్క నా వైపు చూసింది, నేను మా ఆయన వైపు చూశాను. "రెండు వైపులా పెట్టు" అంది అక్క చివరికి. రెండో గడియకి నూట ఎనభై అదనం అయింది, అది మేమిచ్చాం.